ఈ నేల పరిచిందెవరు?

మేస్త్రి మోకాళ్లకు నూనె రాయడంతోనే ఆ ఇంట్లో తెల్లవారుతుంది. భార్య నూనె గోరువెచ్చగా కాచి తెచ్చి, ఆయన ఎదుట పీట వేసుకుని కూర్చుని, అరచేత్తో గుండ్రంగా మర్దన చేస్తుంది. వయసొచ్చినప్పటినుంచీ నేలమీద మోకాళ్లూని పలకలు పరిచిన మనిషి. ఊళ్లోవాళ్ల ఇళ్లల్లో నేలలన్నీ అద్దాల్లా మెరుస్తున్నాయిగానీ, ఆయన మోకాళ్లు మాత్రం పాత తలుపు బందుల్లా కిర్రుమంటున్నాయి.

"మెల్లగా రాయవే. అది మోకాలనుకున్నావా, అంటుగిన్నె అనుకున్నావా?"

"అంటుగిన్నె అయితే తోమితే బాగుపడుతుంది. ఇది బాగుపడే రకం కాదు."

వంటింట్లో క్యారియరు సర్దుతున్న కూతురు పకపకా నవ్వింది. ఆ పిల్లని ఇంట్లో గువ్వ అంటారు. అమ్మానాన్నలిద్దరూ కలిసి పనికి వెళ్లే రోజుల్లో, ఇసక కుప్పమీద పాత దుప్పటి పరిచి పడుకోబెడితే, గువ్వపిల్లలా ముడుచుకుని సాయంత్రందాకా నిద్రపోయేది. ఆ పేరే ఉండిపోయింది. విరిగిన టైలు ముక్కలే దాని బొమ్మలు. మాటలు సరిగ్గా రాకముందే, ముక్కకు ముక్క ఆనించి, కన్ను మూసి గీత చూసేది. "మీ తాత కూడా ఇంతే" అని మేస్త్రి మురిసిపోయేవాడు.

అప్పట్లో భార్యే ఆయనకు హెల్పరు. సిమెంటు పాలు కలిపేది, పలకలు మోసేది, సందుల్లో తెల్ల సిమెంటు నింపి గుడ్డతో తుడిచేది. ఆమె మానేశాక కూతురు ఆ చోట్లోకి వచ్చింది. కలపడం అయింది, మోయడం అయింది, తర్వాత తాపీ పట్టింది. పోయినేడు మేస్త్రి మోకాళ్లు ఇక వంగమని మొండికేశాయి. అప్పటినుంచీ నేల పరిచేది గువ్వే. ఆయన స్టూలుమీద కూర్చుని కొలతలు చూస్తాడు, మూలలకు ముక్కలు కోసిస్తాడు.

ఇదంతా కాంట్రాక్టరుకు తెలియదు. మెట్లమీద ఆయన బూట్ల చప్పుడు వినబడగానే గువ్వ పక్కకు జరుగుతుంది. మేస్త్రి పళ్ల బిగువున కిందికి దిగి, కూతురి చేతిలోంచి తాపీ అందుకుంటాడు. కాంట్రాక్టరు వచ్చి, నాణెంతో నేలమీద అక్కడక్కడా కొట్టి చూసి, "నీ చెయ్యి పడితే డొల్ల శబ్దమే రాదు మేస్త్రీ" అని మెచ్చుకుని వెళ్లిపోతాడు. వారం చివర చదరపు అడుగు లెక్కన డబ్బు తండ్రి పేరుమీద, హెల్పరు కూలి కూతురి పేరుమీద. రెండూ వచ్చేది ఒకే ఇంటికి కదా అని ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ పొద్దున క్యారియరు మూత బిగిస్తూ గువ్వ అంది. "నాన్నా, ఇవాళ కాంట్రాక్టరుకి నిజం చెప్పేద్దాం."

"ఏం నిజం?"

"పరిచేది నేనని."

మేస్త్రి కాలు వెనక్కి తీసుకున్నాడు. "నీకేమైనా పిచ్చా? కొత్త బిల్డింగు ముందు హాల్లో రంగురాళ్ల నక్షత్రం పని ఇవాళే మొదలు. సాదా గదికి ఒక రేటు, నీళ్ల వాలు చూసి వెయ్యాల్సిన బాత్రూముకి ఇంకో రేటు, ఇలాంటి నమూనాకి దాదాపు రెట్టింపు. ఆ రెట్టింపు ఎవరికిస్తాడు? పేరున్న మేస్త్రికి. ఆడపిల్ల వేస్తుందని తెలిస్తే సగానికి కోస్తాడు. నాకు తెలీదా ఈ పని?"

"మరి నాకు పేరెప్పుడొస్తుంది నాన్నా?"

"నా పేరు నీ పేరు కాదా?"

"కాదు!" గువ్వ గొంతు పెరిగింది. "రేపు నువ్వు స్టూలుమీద కూడా కూర్చోలేకపోతే? నేను ఒక్కదాన్నే పని అడగడానికి వెళ్తే, ఇదివరకు ఏం చేశావమ్మా అంటారు. ఏం చెప్పను? ఇన్ని నేలలు పరిచి, మళ్లీ సిమెంటు కలపడం దగ్గర మొదలెట్టాలా?"

"నేను బతికుండగా నీకా గతి పట్టదు."

"ఆయన మెట్లెక్కి వచ్చినప్పుడల్లా నీకు తాపీ ఇస్తున్నా కదా, నా చెయ్యి నేనే కోసి ఇస్తున్నట్టుంటుంది నాన్నా."

"నోర్ముయ్! ఎవరికోసం చేస్తున్నా ఇదంతా? ఇంటికి నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయని కాదూ?"

నూనెగిన్నె ఠంగుమని నేలకు తగిలింది. భార్య లేచి నిలబడింది. ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. అప్పుడూ గట్టిగా మాట్లాడలేదు.

"డాక్టరుగారింటి ముందుగది గుర్తుందా నీకు?"

ఎందుకు గుర్తుండదు? గువ్వ ఇంకా పాలు తాగే పిల్ల. గృహప్రవేశం దగ్గర పడింది. మేస్త్రికి ఒళ్లు తెలియని జ్వరం. పని ఆగితే వేరే మేస్త్రిని పెడతామన్నారు. ఆయన్ని గోడవార దుప్పటి కప్పి పడుకోబెట్టి, ఆయన మూలుగుతూ చెబుతుంటే, భార్యే దారం లాగి, మట్టం చూసి, గది మొత్తం పరిచింది. డాక్టరుగారు చుట్టాలందర్నీ పిలిచి చూపించి, మేస్త్రి భుజం తట్టాడు.

"ఆ రోజు ఇంటికొస్తూ పిల్లనీ, పనిముట్ల సంచినీ నువ్వే ఎత్తుకున్నావు. నన్ను చేతులూపుకుంటూ నడవమన్నావు. వారమంతా మేస్త్రమ్మా, మేస్త్రమ్మా అని పిలిచావు. ఎంత పొంగిపోయానో." ఆమె కొంగుతో చేతి నూనె తుడుచుకుంది. "కానీ ఆ మాట ఇంట్లోనే అన్నావయ్యా. బయట ఒక్కసారి కూడా అనలేదు."

"అప్పుడంటే రోజులు వేరు..."

"వేరే. అందుకే నేను ఊరుకున్నా. ఇది ఊరుకోవడం లేదు. దాన్ని ఊరుకోమని చెప్పడానికి నాకు నోరు రావడంలేదు."

మేస్త్రి టీ తాగకుండానే చెప్పులేసుకున్నాడు. క్యారియరు పట్టుకుని గువ్వ వెనకే నడిచింది. ఆయన కళ్లముందు ఆ గదే తిరుగుతోంది. జ్వరం మత్తులో చూసిన భార్య వీపు, చెమటకు తడిసిన రవిక, ఒక్కో పలకనూ రబ్బరు సుత్తితో బిడ్డను జోకొట్టినట్టు తట్టిన చెయ్యి. పలక చివర్లు కలిసినప్పుడు తనలో తను నవ్వుకునేది. ఆ నవ్వు ఎంత బాగుండేదో, ఎన్నాళ్లయిందో చూసి. ఆమె పని ఎందుకు మానేసిందని తను ఎన్నడైనా అడిగాడా? ఇంట్లో పని ఎక్కువైందని తనే అనుకున్నాడు.

కొత్త బిల్డింగు హాల్లో రంగురాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. గువ్వ దారం లాగి, మధ్య బిందువు గుర్తుపెట్టి, మొదటి రాయి దించింది. మేస్త్రి స్టూలుమీద కూర్చుని చూస్తున్నాడు. పొద్దెక్కేసరికి నక్షత్రానికి రెండు కోణాలు తేలాయి. అప్పుడు గుమ్మం దగ్గర బూట్ల చప్పుడు. గువ్వ అలవాటుగా తాపీ చాచింది.

మేస్త్రి అందుకోలేదు.

"కానీవే, ఆగిపోయావేం? సిమెంటు గట్టిపడుతుంది" అన్నాడు.

కాంట్రాక్టరు లోపలికొచ్చి నిలబడిపోయాడు. "ఇదేంటి మేస్త్రీ? నమూనా పని పిల్ల చేత చేయిస్తున్నావు? రాయి పగిలితే ఎవరి డబ్బులో కొయ్యాలి?"

"చేయించడంలేదు బాబూ. అదే చేస్తోంది. నా మోకాళ్లు పోయి ఏడాదైంది. మీరు నాణెంతో కొట్టి మెచ్చుకున్న గదులన్నీ అది పరిచినవే. ఇక్కడ మేస్త్రి అది. హెల్పర్ని నేను."

కాంట్రాక్టరు నమ్మలేనట్టు ఆయన్ని చూసి, వంగి, నాణెం తీసి రెండు కోణాల్లోనూ ప్రతి రాయినీ కొట్టాడు. ఎక్కడా డొల్ల పలకలేదు. లేచి గడ్డం గోక్కున్నాడు.

"పని బానే ఉంది. కాదనను. కానీ ఆడవాళ్లకి ఆ రేటు ఎక్కడా లేదు మేస్త్రీ. నేనిస్తే మిగతావాళ్లు నామీద పడతారు. ముప్పాతిక ఇస్తా."

"చదరపు అడుగుకి ఆడా మగా ఏంటి బాబూ? టేపు పెట్టి కొలిస్తే అడుగు అడుగే కదా?"

గువ్వ తల ఎత్తకుండానే అంది. "పర్లేదులే నాన్నా. ముప్పాతికైతే ముప్పాతికే. నక్షత్రానికి ఎనిమిది కోణాలు కదా, ఆరు పెట్టి వెళ్లిపోతా. మిగతా రెండూ మగవాళ్లతో పెట్టించుకోమను."

గోడకు పూత పూస్తున్నవాళ్లు గొల్లున నవ్వారు. కాంట్రాక్టరు నవ్వాపుకోవాలని చూశాడుగానీ, ఆగలేదు. "నోరు కూడా మేస్త్రి నోరే" అన్నాడు. గుమ్మందాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "పూర్తి రేటే. కానీ ఒక్క రాయి కదిలిందా, మీ నాన్న మొహం చూసి ఊరుకోను" అన్నాడు.

"నా మొహం చూసి, నా డబ్బులోనే కొయ్యండి" అంది గువ్వ.

ఆ వారమంతా మేస్త్రి నిజంగానే హెల్పరు అయ్యాడు. నిలబడి సిమెంటు కలిపాడు, రాళ్లు అందించాడు. ఒక మధ్యాహ్నం గువ్వ తట్టలోకి చూసి చిరాకుపడింది. "నీళ్లెక్కువయ్యాయి. మళ్లీ కలుపు. ఎన్నిసార్లు చెప్పాలి?" అని నాలుక కరుచుకుంది. మేస్త్రి కోప్పడలేదు. అవే మాటలు, అదే విసురు. ఒకప్పుడు తను ఎన్ని వందలసార్లు భార్యను కసిరాడో, ఆమె మాట్లాడకుండా తట్ట తీసుకుని ఎలా వెళ్లేదో గుర్తొచ్చి, తట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

వారం చివర కాంట్రాక్టరు నక్షత్రం డబ్బు గువ్వ చేతిలో పెట్టాడు. గువ్వ మొహం ఆ రాళ్లకంటే మెరిసింది. తర్వాత హెల్పరు కూలి మేస్త్రి చేతిలో పెట్టాడు. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకోలేదు. ఇంటిదాకా గుప్పిట్లోనే పట్టుకొచ్చాడు.

భార్య గుమ్మంలో కూర్చుని ఉంది. గువ్వ పరుగున వెళ్లి తల్లిని వాటేసుకుని, చెప్పాల్సిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పి, స్నానానికి వెళ్లింది. మేస్త్రి గోడ పట్టుకుని మెల్లగా ఆమె పక్కన కూర్చున్నాడు. గుప్పిట విప్పాడు.

"వారమంతా మోశానే. నడుం విరిగింది. చేతికి ఇది వచ్చింది."

"హెల్పరు కూలి అంతే మరి" అందామె నవ్వుతూ.

"అప్పుడు నీకూ ఇంతేనా? మేస్త్రి రేటులో ఇంత తక్కువ భాగమేనా?"

"ఇంకా తక్కువ. ఆడకూలి కదా."

మేస్త్రి తల దించుకున్నాడు. చేతిలో నోట్లు మసకగా కనిపించాయి. "నాతో సమానంగా వంగావు, సమానంగా మోశావు. ఎప్పుడూ ఒక్క మాట అనలేదేమే?"

ఆమె సిమెంటుకు గీతలరిగిపోయిన వేళ్లతో ఆయన మోకాలు నొక్కుతూ వీధిలోకి చూసింది.

"నువ్వు పలకలు తడుతుంటే ఆ చప్పుడుకి గువ్వ నిద్రపోయేది. మధ్యాహ్నం ముగ్గురం ఒకే క్యారియర్లో తినేవాళ్లం. సాయంత్రం గది కడిగాక నేల తళుక్కుమంటే, తడి ఆరేదాకా గుమ్మంలో నిలబడి చూసేవాళ్లం, మనదే ఆ ఇల్లయినట్టు." ఆమె ఆయన చేతిలోని నోట్లవైపు చూసింది. "ఆ రోజులు బాగానే ఉండేవయ్యా. కూలే బాగుండేది కాదు."

మేస్త్రి నవ్వబోయాడు. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. ఆమె ఆయన తల తన భుజానికి ఆనించుకుంది.