లెన్సుకి పట్టిన బూజు

అమ్మాజీకి ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే... ఇంట్లో మిగిలిన ఆ ఒక్క కెమెరా కూడా అమ్ముడైపోతుందేమోనని! అది పోతే తన భర్త ఏసుకుమార్ చేతికి పనే ఉండదు. పైగా ఆ తప్పంతా తనదే అవుతుంది!

ఏసుకుమార్ ఫిలింనగర్‌లో స్టిల్ ఫోటోగ్రాఫరు. షూటింగు జరుగుతుంటే పక్కనే నిలబడి, పేపర్లకీ పోస్టర్లకీ కావలసిన ఫోటోలు తీయడం అతని పని. పెళ్లయిన కొత్తలో మొగుడూ పెళ్లాం ఇద్దరూ అబిడ్స్ వెళ్లి, ఖాదర్ భాయ్ పాత కెమెరాల దుకాణంలో ఆ నికాన్‌నీ, మూడు లెన్సుల్నీ కొని తెచ్చుకున్నారు. ఒకరు వాడిన వస్తువని అమ్మాజీ ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. యూసుఫ్‌గూడలో వాళ్లుండేది ఒక గదీ, వంటిల్లూ. వానాకాలం గోడలు చెమ్మ కక్కుతాయి. అందుకని ఒక్కో లెన్సునీ మెత్తటి పంచెముక్కలో చుట్టి, మూత బిగుతైన స్టీలు డబ్బాలో వేయించిన బియ్యం మూట పక్కన పెట్టి, చంటిపిల్లల్ని దాచుకున్నట్టు దాచేది. ఈ లెన్సులు మన పిల్ల రోజీ పెళ్లిదాకా ఉండాలి అనేది!

అలాంటిది ఆర్నెల్లలో రెండు లెన్సులు ఇల్లు దాటిపోయాయి. "కెమెరాలో కన్ను పెడితే చాలు, అంతా పొగమంచులా కనిపిస్తోంది. నీ వంటింటి ఆవిరికి లెన్సులకి బూజు పట్టింది!" అని ఒకదాని తర్వాత ఒకటి తీసుకెళ్లి ఖాదర్ భాయ్‌కే ఇచ్చేసి, వేరేవి తెచ్చాడు. వాటికీ అదే రోగం! "నాకు బాగానే కనిపిస్తోందండీ" అని అమ్మాజీ ఒకసారి చూసి చెప్పింది. "ఎనిమిదో తరగతితో బడి మానేసినదానివి, నీకేం తెలుసు లెన్సుల సంగతి?" అన్నాడు. నిజమే కాబోలు, తనకేం తెలుసు అనుకుంది అమ్మాజీ! ఆ రోజు నుంచి అన్నం గంజి వార్చినా భయమే, పప్పు ఉడికినా భయమే. కుంపటి బయట వరండాలో పెట్టుకుని, వానజల్లులో తడుస్తూ వండింది పిచ్చితల్లి!

ఇంతలో సినిమా కంపెనీ మేనేజరు మొహం మీదే అనేశాడట. "ఏంటయ్యా ఏసుకుమార్, హీరోయిను మొహం ఆవిరి పట్టిన అద్దంలో చూసినట్టుంది! వచ్చే షెడ్యూలుకి ఇంకొకర్ని చూసుకుంటాం" అని. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, "ఇక లెన్సులు కాదు... కెమెరాతో సహా మొత్తం ఇచ్చేస్తా. సోమవారం పొద్దున్నే అబిడ్స్ పోతా" అన్నాడు ఏసుకుమార్. అత్తగారు అంతోనమ్మ చేతిలో జపమాల ఆగిపోయింది.

ఆ వారమే రోజీ మూడో పుట్టినరోజు ఫోటోలు కడిగించి తెచ్చారు. ముప్పై ఆరు ఫోటోలు! ముప్పై అయిదు మసక. చివరిది మాత్రం... ఏసుకుమార్ కూతుర్ని ఎత్తుకుని నిలబడితే, "ఒకటే మిగిలింది, నువ్వు నొక్కు" అంటే అమ్మాజీ తీసింది. కెమెరాలో మధ్యన గుండ్రంలో రెండు ముక్కలుగా కనిపించే గీత ఒకటయ్యేదాకా లెన్సు చుట్టూ ఉండే రింగు తిప్పమని పెళ్లయిన కొత్తలో అతనే నేర్పాడు. అలాగే తిప్పింది. ఆ ఫోటోలో రోజీ కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు!

"గుడ్డిగా కుదిరిందిలే" అన్నాడు ఏసుకుమార్, ఫోటో పక్కన పారేస్తూ.

అమ్మాజీ మనసు ఒప్పుకోలేదు. శనివారం పొద్దున్న పిల్లని చంకనేసుకుని అబిడ్స్ బస్సెక్కింది. అత్తగారికి మార్కెట్టని చెప్పింది. ఖాదర్ భాయ్ దుకాణం మెట్లెక్కింది.

"భాయ్, మా ఇంట్లో లెన్సులకి బూజు పడుతోందటగా. నా తప్పేంటో చెప్పండి. ఎలా దాచాలో నేర్పండి" అంది కళ్లొత్తుకుంటూ.

ఖాదర్ భాయ్ ముక్కుమీద కళ్లజోడు సర్దుకున్నాడు. "ఏంది బేటీ, బూజేంది? మీ లెన్సులు అద్దం లెక్కున్నయి! గీ దుకాణంల ముప్పై ఏండ్ల సంది కూసున్న, గంత మంచిగ దాచినోళ్లను నేను సూడలే. కొన్నోళ్లు ఖుష్ ఉన్నరు, ఒక్కడన్న వాపస్ తేలే. మీ ఆయనకు గదే చెప్పిన. ఇనలే! జర నువ్వే సోంచాయించు, ఆలోచన చెయ్."

తన తప్పు కాదు! అమ్మాజీ గుండెల మీంచి బండ దిగినట్టయింది. కానీ మరుక్షణమే ఇంకో బండ... లెన్సు మంచిదే, తను తీస్తే ఫోటో మంచిదే... మరి? తిరిగొచ్చే బస్సులో ఒళ్లో కూర్చున్న రోజీ, టిక్కెట్టు కాయితాన్ని గొట్టంలా చుట్టి కుడికంటికి ఆనించుకుంది. ఎడమకన్ను గట్టిగా మూసి, "అమ్మా, నవ్వూ! నేను నాన్ననీ!" అంది.

అమ్మాజీ ఆ గొట్టం వంకే చూసింది. కెమెరాలో చూసేది ఒక్క కన్నే కదా!

సోమవారం పొద్దున్న ఏసుకుమార్ కెమెరాని సంచిలో పెట్టుకుని చెప్పులేసుకుంటుంటే, అమ్మాజీ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆరేళ్ల కాపురంలో అలా నిలబడటం అదే మొదలు!

"తప్పుకో అమ్మాజీ!"

"తప్పుకుంటానండీ. ఒక్కమాట. ఆ గోడమీద చర్చి క్యాలెండర్లో ఇవాళ తారీఖు కింద ఏ పునీతుడి పేరుందో చదవండి... తర్వాత మీ ఇష్టం." అని, తన అరచేత్తో అతని ఎడమకన్ను మూసింది.

ఏసుకుమార్ నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. తల ముందుకి వంచాడు, వెనక్కి తీశాడు. పేరు కాదు... తారీఖు కాదు... అసలు క్యాలెండరే పాలలో ముంచినట్టుంది!

"ఒరేయ్ ఏసూ, చదవరా!" అంది అంతోనమ్మ, చేతిలోని మెంతికూర వదిలేసి.

"కనిపించట్లేదమ్మా..." అతను కుడికన్ను నులుముకున్నాడు. "నాకు... ఈ కంటితో ఏమీ కనిపించట్లేదే!"

కెమెరాకి ఆనించేది ఆ కన్నే కాబట్టి, గీత కలిసిందో లేదో తెలియక ఫోటోలు మసకబారేవి. రెండో కన్ను చక్కగా ఉండబట్టి ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు, అతనికి కూడా! అప్పుడు బయటపడింది అసలు సంగతి. రెండేళ్ల కిందట జూబ్లీహిల్స్‌లో ఫైటింగు తీస్తుంటే కుండపెంకు ఒకటి ఎగిరొచ్చి కుడికంటికి తగిలిందట. చెబితే పనిలోంచి తీసేస్తారని, ఇంట్లో చెబితే ఏడుస్తారని, వేడి చేసి వాచిందని అబద్ధమాడాడు. వాపు తగ్గింది, అతనూ మరిచిపోయాడు.

"నా కంటి బూజుని నీ వంటింటికి అంటగట్టానే... వానలో నిలబెట్టి వండించానే!" అని ఏసుకుమార్ ఆమె చేతులు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మాజీ కూడా ఏడ్చింది. కానీ ముందుగా కళ్లు తుడుచుకున్నదీ తనే! "ఏడుపు ఆసుపత్రి నుంచి వచ్చాక ఏడుద్దాంలెండి. ఓపీ చీటీలు పదింటిదాకానే ఇస్తారట, కనుక్కున్నాను" అంది, సంచిలోంచి కెమెరా తీసి స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తూ.

బంజారాహిల్స్ కంటి ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి, "దెబ్బ వల్ల వచ్చిన శుక్లం. ఇంకా ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోయేది. సమయానికి తెచ్చారు. ఇది తీసేసి, లోపల చిన్న లెన్సు పెడతాం" అంది. అది అతని కంటి కొలతకి సరిపోయే కొత్త లెన్సు. ఎవరూ వాడనిది!

"విన్నావట్రా?" అంది అంతోనమ్మ, కళ్లనీళ్ల మధ్యే కొడుకు భుజం మీద ఒకటి వేసి. "దీన్ని కూడా బూజు పట్టిందని ఖాదర్ భాయ్‌కి ఇచ్చి రాకు!"

అమ్మాజీ పక్కున నవ్వింది. ఆర్నెల్ల తర్వాత నవ్విన నవ్వు!

ఆపరేషనయిన రెండు నెలలకి ఏసుకుమార్ అదే కెమెరా, అదే పాత లెన్సు పట్టుకుని మళ్లీ పని అడగడానికి మేనేజరు దగ్గరికి వెళ్లాడు. వెళ్లేముందు గుమ్మంలో అమ్మాజీని నిలబెట్టి, కుడికన్ను ఆనించి, ఒక ఫోటో తీశాడు. ఇవాళ్టికీ ఆ ఇంట్లో మరియమాత పటం పక్కన ఆ ఫోటోనే ఉంటుంది. నుదుటిమీద ఎగిరిన ఒక్కొక్క వెంట్రుకా కనిపిస్తుంది. కిందిమూల ఏసుకుమార్ చేతిరాత: "బూజు దులిపిన మనిషి."

అమ్మా, ఇది చదువుతున్న మీకు ఒక్క మనవి. బల్బు కాంతి తగ్గిందనీ, పేపరు అచ్చు పాడైందనీ, వస్తువుల మీద విసుక్కునే మనిషి మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. ఈ పుస్తకం పక్కన పెట్టి ఒక్కసారి ఆ మనిషి దగ్గరికి వెళ్లండి. ఒక కన్ను మీ అరచేత్తో మూసి, గోడమీది క్యాలెండరు చదవమనండి. తర్వాత రెండో కన్ను. రేపు కాదు... ఇప్పుడే వెళ్లి చూడండమ్మా!