ఆగకుండా నొక్కండి

ఆ మధ్యాహ్నం సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా కదలకుండా ఉంది. ఆస్ట్రేలియా టాస్మేనియా దీవి దక్షిణాన, చిన్న రేవులో క్లైవ్ తన పడవలోకి పెద్ద రొయ్యలు పట్టే బోన్లు ఎక్కిస్తున్నాడు.

"ఒక్కడివే పోతున్నావు, గుండె పెట్టె ఉందా?" రేవు మీంచి అరిచింది భార్య జాయ్స్.

"ఉందిలేవే! నాకేమైనా అయితే మూడో మొగుణ్ని వెతుక్కుందువుగాని."

"నోరు మూసుకుని పోవయ్యా!" నవ్వేసింది ఆమె.

గుండె పెట్టె అంటే నారింజ రంగు యంత్రం. ఆగిన గుండెకు షాక్ ఇస్తుంది, ఏం చేయాలో ఆడగొంతుతో చెబుతుంది. జాయ్స్ మొదటి భర్త నెవిల్ ఈ పడవలోనే, క్లైవ్ కళ్ల ముందే గుండె పట్టుకుని కూలిపోయాడు. "చేతులు పడిపోయేదాకా ఛాతీ నొక్కాను, బతకలేదు," అని క్లైవ్ ఊరందరికీ చెప్పాడు. నిజానికి నెవిల్ పెట్టె కోసం చెయ్యి చాచినప్పుడు క్లైవ్ దాని మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. నెవిల్ పెదాలు నీలం తిరిగేదాకా ఫ్లాస్కులో టీ తాగాడు. ఏడాది తిరక్కుండా జాయ్స్‌ని పెళ్లాడాడు.

చివరి బోను దించేసరికి పొగమంచు కమ్మేసింది. పడవ ముక్కు కనబడలేదు. సముద్రపు పక్షుల అరుపులు ఆగిపోయాయి. ఎక్కణ్నుంచో పిప్పరమెంటు వాసన... నెవిల్ ఎప్పుడూ నమిలేవాడు.

పడవలో తాళం వేసిన అల్మారాలోంచి గుండె పెట్టె ఆడగొంతు పలికింది.

"రోగిని వెల్లకిలా పడుకోబెట్టండి."

క్లైవ్ కాళ్లని ఏదో లాగినట్టయింది. వెల్లకిలా పడ్డాడు. లేవబోయాడు... ఒళ్లు కదల్లేదు.

"పక్కన మోకాళ్ల మీద కూర్చోండి."

చెక్క కిర్రుమంది. తడి మోకాళ్లు డొక్కకి ఆనాయి. ఎవరూ లేరు. చలి మాత్రమే.

"చేతులు ఛాతీ మధ్యలో ఉంచండి. నొక్కండి."

ఎండుపుల్ల విరిగినట్టు పక్కటెముక ఫటుక్కుమంది.

"ఆపరా... నా గుండె కొట్టుకుంటోంది..."

చెవిలో పిప్పరమెంటు ఊపిరి. "అప్పుడు నాదీ కొట్టుకుంటూనే ఉందిరా."

"తప్పయిపోయింది, నెవిల్..."

"ఆగకుండా నొక్కండి," అంది పెట్టె.

మర్నాడు కొట్టుకుపోతున్న పడవని ఎవరో జాలర్లు చూసి, క్లైవ్‌ని ఆసుపత్రికి చేర్చారు. స్పృహ లేనప్పుడు అతనేం వాగాడోగాని, జాయ్స్ తన కుర్చీని గుమ్మం దాకా జరుపుకుంది.

ఆ మరుసటి పొద్దున డాక్టరమ్మ పాత ఎక్స్‌రేనీ, అప్పుడే తీసినదాన్నీ పక్కపక్కన వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"గుండె బ్రహ్మాండంగా ఉంది. మరి నిన్ను ఇంతలా నొక్కిందెవరు?"

క్లైవ్ కళ్లు మూసుకున్నాడు.

ఆమె వేలు ఒకచోట ఆగింది. గొంతు తగ్గింది.

"రాత్రి నీ మంచం దగ్గరికి ఎవరూ రాలేదని నర్సులంటున్నారు... కానీ ఈ ఎముక నిన్నటి ఫోటోలో విరగలేదే?"