తెల్లగా మిగిలిన సున్నం

"కాకీ, పాత ఉద్యోగం గుర్తుందా?" ఫైలు మీంచి తలెత్తకుండా అడిగాడు గూఢచారి విభాగం అధిపతి.

"మత్తుమందు మెషీన్ల టెక్నీషియన్‌గానా సార్? పన్నెండేళ్లు చేశాను. నేను మర్చిపోదామన్నా చేతులు మర్చిపోవు."

"మంచిది. పదకొండింటికి మీ బావకి గాల్‌స్టోన్స్ ఆపరేషన్. టేబుల్ మీదే చంపెయ్యమని విదేశీ గూఢచారుల ముఠాకి ఆర్డర్ వచ్చింది. సహజ మరణంలా కనిపించాలట."

ఏజెంట్ కాకి కుర్చీలో కూలబడ్డాడు. యాభై మూడేళ్ల వయసు, ఇరవై రెండు మిషన్లు, మొరాయిస్తున్న రెండు మోకాళ్లు. అక్క మొగుడు సంకేతలిపి శాఖలో గుమాస్తా. దేశంలో దాగిన పదకొండుమంది విదేశీ ఏజెంట్ల పేర్లు అతని బుర్రలో తప్ప ఎక్కడా లేవు. కాగితం మీద పెడితే కాజేస్తారని, ఎల్లుండి న్యాయమూర్తి ముందే నోరు విప్పుతానని భీష్మించుకున్నాడు.

"వాయిదా వెయ్యలేమా?"

"మూడుసార్లు వేశాం. రాళ్లు ఇక ఆగవు."

"కబురు ఎవరిది?"

"నెమలిది. ఆక్సిజన్ సిలిండర్లు మార్చేస్తారట. మత్తు ఇచ్చేదీ ఆవిడే. నీకు భయం లేదు."

నెమలి మత్తు డాక్టరు; ముఠాలో ఉంటూ మనకు పనిచేసే డబుల్ ఏజెంట్. ఆమె నడిచొస్తే కారిడార్‌లో స్ట్రెచర్లు సైతం దారిస్తాయని ఆసుపత్రిలో చెప్పుకుంటారు.

గంటలో కాకి ఆకుపచ్చ దుస్తుల్లో, మాస్కులో ఉన్నాడు. వేషం వేసినట్టు లేదు, విడిచిన చొక్కా మళ్లీ తొడుక్కున్నట్టుంది. గుమ్మంలో నెమలి ఎదురైంది.

"ఈ రోజు గాలి బరువుగా ఉంది," అందామె.

"కిటికీ తెరిస్తే సరి," అన్నాడతడు. కోడ్ కలిసింది.

టేబుల్ మీద బావ ఒక కన్ను తెరిచాడు. "నువ్వట్రా? బల్బు మార్చమంటే ఇల్లంతా చీకటి చేసినవాడివి! నా ఊపిరి నీ చేతిలో పెట్టారా?"

"అరవకు బావా, మారువేషంలో ఉన్నాను. అక్కకి చెప్పకు."

"చెప్తే ముందు నన్ను చంపుతుంది. ముఠా దాకా ఎందుకు!" ఆ నవ్వు మీదే నెమలి పట్టిన మత్తు మాస్కు వాలింది. బావ నిద్రలోకి జారాడు.

పెన్నులో దాచిన గ్యాస్ టెస్టర్‌తో కాకి తొమ్మిది సిలిండర్లూ పరీక్షించాడు. తొమ్మిదీ స్వచ్ఛమే. వాటిని జరిపి జరిపి నడుము పట్టేసింది.

నలభై నిమిషాలు గడిచాయి.

"ఏమిటిది, రక్తం ఇలా ఊరుతోంది?" సర్జన్ విసుక్కున్నాడు.

బావ నుదుట చెమట. ముఖం కందిపోయింది. పల్స్ నూట ముప్పై. తెరమీద కార్బన్ డయాక్సైడ్ మాత్రం ముప్పై ఆరు. మొదటినుంచీ ముప్పై ఆరే. బతికున్న మనిషి అంకె ఒక్కసారైనా కదలకుండా ఉంటుందా? తెరను ఎవరో ఆ అంకె దగ్గరే బిగించేశారు.

కాకి చూపు మెషీన్ గొట్టాల వెంట నడిచింది. రోగి వదిలిన గాలి ఒక గొట్టంలో వెళ్లి, సోడాలైమ్ అనే సున్నం డబ్బాలో కార్బన్ డయాక్సైడ్ వదిలించుకుని, మరో గొట్టంలో తిరిగి వస్తుంది. కొత్త గాలి నెమలి నిమిషానికి ఒక్క లీటరే పెట్టింది. అంటే బావ ప్రాణమంతా ఆ డబ్బాలోని సున్నపు పలుకుల మీదే ఉంది. పలుకులు తెల్లగా మెరుస్తున్నాయి. మల్లెమొగ్గల్లా ఉన్నాయి.

అదే అతనికి నచ్చలేదు. పనిచేసే సున్నం వేడెక్కుతుంది, ఊదారంగుకు తిరుగుతుంది. డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు.

చల్లగా ఉంది.

అవి సోడాలైమ్ కావు, ఉత్త తెల్లరాళ్లు. బావ వదిలిన విషాన్నే బావ తిరిగి పీలుస్తున్నాడు. సిలిండర్ల కబురు తనను వెర్రివాణ్ణి చెయ్యడానికే!

కాకి కొత్తగాలి నాబ్‌ను పది లీటర్లకు తిప్పాడు. మనిషి పీల్చేదానికన్నా ఎక్కువ గాలి వస్తే, వదిలినది వాల్వ్ గుండా బయటికి పోవలసిందే. తిరిగి రావడానికి దానికి చోటుండదు.

పక్కటెముకల కింద చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్ గొట్టం. తూటా పేల్చేది.

"తగ్గించండి టెక్నీషియన్ గారూ," నెమలి గుసగుస. "రెండు నిమిషాలు చాలు."

పల్స్ నూట నలభై రెండు. తెరమీద బావ గుండె ఒకసారి తడబడింది.

"కాల్చమ్మా," అన్నాడు కాకి. నాబ్ వదల్లేదు. "నాకూ కాస్త నిద్ర కావాలి."

"ఎవరక్కడ ముచ్చట్లు?" సర్జన్ గద్దించాడు. "ఇక్కడ నా చేతులు కడుపులో ఉన్నాయి!"

నెమలి కళ్లు అటు తిరిగాయి. కాకి చక్రాల స్టూలును కాలితో తన్నాడు. అది ఆమె మోకాళ్లకు తగిలింది. లిప్‌స్టిక్ ట్రేలో పడి ఠంగుమంది. బయట కాపున్న విభాగం మనుషులిద్దరు లోపలికి దూకి ఆమె రెక్కలు విరిచి పట్టుకున్నారు. పక్క థియేటర్ నుంచి మరో మత్తు డాక్టరు పరుగున వచ్చి కొత్త సోడాలైమ్ డబ్బా బిగించింది.

నూట ముప్పై. నూట పది. తొంభై నాలుగు. బావ నుదుటి చెమటను కాకి తన చొక్కా చేతితోనే అద్దాడు.

సాయంత్రం అధిపతి ఫోన్ చేశాడు. "మీ బావ?"

"లేచాడు సార్. నన్ను తిడుతున్నాడు. పదకొండు పేర్లూ భద్రమే."

"నెమలి ఏమంటోంది?"

"అంత శుభ్రంగా చేశాం, ఎక్కడ దొరికామని అడిగింది. పని చేసినదేదైనా చివరికి రంగు మారిపోతుందమ్మా, మీ రాళ్లు మారలేదన్నాను."

"నమ్మిందా?"

"మాస్కు తీశాను సార్. వాడిపోయిన నా ముఖం చూడగానే నమ్మింది."