చర్మం తొడిగిన తలుపు

బూడిద గుమ్మడికాయను గరాజ్ గుమ్మం మధ్యలో పెట్టి డాక్టర్ బెహరా పద్మలోచన పక్కకు జరిగింది.

"ఇప్పుడు దించండి" అంది.

జోగారావు గోడ మీది బటన్ నొక్కాడు. పైకప్పు కింద పడుకుని ఉన్న ఉక్కు తలుపు కదిలి, పట్టాల మీంచి పలక వెనక పలకగా జారుతూ కిందికి దిగింది. కాయకు జానెడు ఎత్తున ఉండగా వేగం తగ్గింది. బెత్తెడు ఎత్తున ఆగిపోయింది. కాయ మీది తెల్లటి బూడిద కూడా చెదరలేదు. ఒక క్షణం అలాగే ఉండి, ఎవరికో దారి ఇచ్చినట్టు తలుపు మళ్ళీ పైకి వెళ్ళిపోయింది.

జోగారావు బిగబట్టిన ఊపిరి వదిలాడు. అతను విశాఖ పోర్టులో క్రేన్ ఆపరేటర్. రోజంతా బరువులు ఎత్తడం, దించడం అతని పని. ఇంత బరువు ఇంత సుతారంగా ఆగడం అతను ఎన్నడూ చూడలేదు.

అప్పటికి విశాఖలో గరాజ్ లేని ఇల్లంటూ లేదు. సముద్రం ముందుకు జరిగింది. తుఫానులు ఏటికేడు ముదిరాయి. జనం కాపురాలు మేడ మీదికి మార్చుకుని, కింది భాగాన్ని వాహనాలకూ బ్యాటరీలకూ వదిలేశారు. ఆ కింది భాగాన్ని గాలి నుంచీ నీటి నుంచీ కాపాడేవే ఈ ఉక్కు తలుపులు. ఒక్కొక్కటీ దున్నపోతంత బరువు. మోటారు దాన్ని కదుపుతుందే గాని, మోసేది మాత్రం పైన బిగించి చుట్టిన స్ప్రింగులు. స్ప్రింగు తెగితే ఆ బరువంతా ఒక్కసారిగా నేల మీద పడుతుంది.

నిరుడు జోగారావు ఇంట్లో అదే జరిగింది. అతని కూతురు మంజీర అప్పుడే సైకిలు నడిపించుకుంటూ లోపలికి వచ్చింది. పాప వచ్చింది గాని సైకిలు పూర్తిగా రాలేదు. వెనక చక్రం తలుపు కింద అప్పడంలా అణిగిపోయింది.

ఆనాటి నుంచి జోగారావు ఆ తలుపుని కంటికి రెప్పలా చూసుకునేవాడు. నెలనెలా మోటారు తప్పించి, చేత్తో సగం వరకూ ఎత్తి, వదిలితే అక్కడే నిలుస్తోందో లేదో చూసేవాడు. రోలర్లకు నూనె పెట్టేవాడు. గుమ్మంలో చెక్క దిమ్మ పెట్టి, దాన్ని తాకగానే తలుపు వెనక్కి వెళ్తోందా అని పరీక్షించేవాడు. ఎంత చేసినా పాప కిందికి దిగిందంటే అతని ప్రాణం గుమ్మంలోనే ఉండేది. పద్మలోచన పనిచేసే యూనివర్సిటీ వాళ్ళు కొత్తరకం తలుపుని ఇళ్ళల్లో పెట్టి చూస్తారని తెలియగానే అందరికన్నా ముందు పేరు ఇచ్చాడు.

"ఇందులో ఉన్న కిటుకు ఏటి డాక్టరు గారూ?" అని అడిగాడు.

"మీ వేలికి ముల్లు గుచ్చుకుంటే మీకెలా తెలుస్తుంది? చర్మంలో నరాలున్నాయి కాబట్టి. తలుపుకి అవి లేవు. తన కింద రాయి ఉందో పాప ఉందో దానికి తెలీదు. తన ఒంట్లో ఏది అరిగిపోయిందో కూడా తెలీదు. నేను దానికి చర్మం తొడిగాను, అంతే."

ఉల్లిపొరంత పలచని ఫిల్మ్ అది. దానిలో కంటికి కనపడని గాజు దారాలు, లోహపు దారాలు అల్లి ఉన్నాయి. మనిషి గాని పిల్లి గాని దగ్గరికి వస్తే చుట్టూ ఉన్న కొద్దిపాటి ఎలక్ట్రిక్ ఫీల్డ్ చెదురుతుంది. ఫిల్మ్ దాన్ని తాకకముందే పసిగడుతుంది. అవే దారాలు స్ప్రింగుల్లోకీ, కేబుళ్ళలోకీ, రోలర్లలోకీ పాకి ఉంటాయి. లోహం విరగడానికి చాలా ముందు నుంచీ లోలోపల చిట్లుతూ ఉంటుంది. ఆ చప్పుడు మన చెవికి అందదు. చర్మానికి అందుతుంది.

తలుపు తన సంగతులు గోడ మీది చిన్న స్క్రీన్ మీద చెప్పుకునేది. 'ఎడమవైపు రెండో రోలర్ పట్టేస్తోంది, నూనె పెట్టండి' అనేది. జోగారావు నూనె పెట్టగానే ఆ మాట చెరిగిపోయేది. ఒకసారి 'కుడి స్ప్రింగు అలిసిపోయింది, మీరు ముట్టుకోవద్దు, మెకానిక్‌ని పిలవండి' అంది. మెకానిక్ వచ్చి స్ప్రింగు విప్పి, లెన్స్ కింద పెట్టి చూపించాడు. లోపలి మెలికలో వెంట్రుకలాంటి పగులు.

"మనిషి కూడా తన ఒంట్లో బాగోలేదని ఇంత ముందుగా చెప్పుకోలేడు" అన్నాడు జోగారావు భార్య వరలక్ష్మితో. ఆ రోజు నుంచి పాప కిందికి వెళ్తే అతను పేపరు మడిచి ఆమె వెంట దిగడం మానేశాడు.

తలుపు మంచితనం వీధంతా తెలిసిపోయింది. దిగుతున్న తలుపు కింద పిల్లలు బంతి దొర్లించేవాళ్ళు, తర్వాత చేతులు చాపేవాళ్ళు, ఆ తర్వాత వరసగా పడుకోవడం మొదలుపెట్టారు. తలుపు అందరి మీదా బెత్తెడు ఎత్తున ఆగి, మెల్లగా లేచిపోయేది. చూడవచ్చిన పెద్దవాళ్ళు బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. జోగారావు మొదట్లో కసిరాడు. కాని తలుపు ఒక్కసారి కూడా తప్పలేదు. కసరడానికి అతనికే కారణం దొరక్కుండా పోయింది. పైగా గర్వంగా కూడా ఉండేది.

చలికాలం మొదట్లో గాజువాకలో అతని చెల్లెలు ఇందిర ఇంటికి విందుకి వెళ్ళారు. భోజనాలయ్యాక మగవాళ్ళు గరాజ్ ముందు కుర్చీలు వేసుకున్నారు. ఎండ లోపలికి కొడుతోందని ఇందిర భర్త బటన్ నొక్కాడు. వాళ్ళది పాత తలుపు. కింద అడ్డం వస్తే కనిపెట్టాల్సిన ఎలక్ట్రిక్ కన్ను మీద బూజు పట్టి ఎన్నాళ్ళయిందో.

"మీకొకటి చూపిస్తాను, చూడండి" అని మంజీర పిల్లల్ని పిలవడం జోగారావు విన్నాడు. తల తిప్పేసరికి పాప గుమ్మంలో వెల్లకిలా పడుకుని ఉంది. నవ్వుతోంది. తలుపు ఆమె మీదికి దిగుతోంది, వేగం తగ్గడం లేదు.

పై నుంచి దిగే బరువుని చేతులతో ఆపాలనుకున్నవాళ్ళు ఏమయ్యారో అతను పోర్టులో చూశాడు. బరువు జోలికి పోలేదు. నేల మీదికి దూకి, పాప రెండు కాళ్ళూ పట్టుకుని తనవైపు లాగేశాడు. తలుపు పరికిణీ చెంగుని నొక్కి నేలకి ఆనుకుంది. జరీ అంచు చిరిగి లోపలే ఉండిపోయింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. పాపకి వీపు గీరుకుపోయింది, అంతే. ఏడవలేదు. మూసుకున్న తలుపుకేసి చిన్నబుచ్చుకున్న మొహంతో చూసింది.

"ఈ తలుపుకి నేనెవరో తెలీదా నాన్నా?"

జోగారావు పాపని ఎత్తుకుని ఆ తలుపుకి దూరంగా నడిచాడు.

మర్నాడు ల్యాబ్‌కి వెళ్ళి పద్మలోచనకి జరిగిందంతా చెప్పాడు.

"మీ తలుపులో తప్పేం లేదు డాక్టరు గారూ" అన్నాడు. "ఊళ్ళో అందరి తలుపులూ ఇలాంటివే పెట్టించేస్తే సరిపోతుంది."

"తలుపులన్నీ మార్చేస్తాం అనుకోండి. లిఫ్టులున్నాయి, లారీలున్నాయి, మీ క్రేన్లున్నాయి. వాటికెవరు తొడుగుతారు చర్మం? ప్రపంచంలో మిగతావన్నీ మొద్దువేనండి. పిల్లలకి మొదట తెలిసిన యంత్రం ఇదయితే, అన్నీ ఇలాగే ఉంటాయనుకుంటారు." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "దీనికి మెత్తదనం నేర్పడానికే నా ఉద్యోగమంతా గడిచింది. ఇప్పుడు అది కనపడకుండా దాచాలి."

"బాగున్నదాన్ని చెడగొడతారా?"

"చెడగొట్టను. చెడ్డదానిలా కనపడేట్టు చేస్తాను."

పదిహేను రోజుల్లో చేసేసింది. ఇప్పుడు తలుపు కదలబోయే ముందు బొంగురు గొంతుతో ఉరుముతుంది. ఎర్ర లైటు తిరుగుతుంది. గుమ్మానికి మూరెడు ఇవతల నేల మీద పసుపు గీత వెలుగుతుంది. దిగేటప్పుడు కావాలనే గడగడలాడుతుంది. ఎవరైనా కిందికి వస్తే ఆగుతుంది, కాని పాడైపోయి ఆగినట్టే ఉంటుంది, దయతలచి ఆగినట్టు ఉండదు. ఆగిన తలుపు పెద్దవాళ్ళు వచ్చి చేత్తో ఎత్తి, రోలర్లూ కేబుళ్ళూ ఒకసారి చూసుకుంటే గాని మళ్ళీ కదలదు. చర్మం మాత్రం లోపల అలాగే ఉంది, అన్నీ పసిగడుతూనే ఉంది.

మొదటిసారి ఆ ఉరుము విని మంజీర మేడ మీదికి పారిపోయింది. "నా తలుపుకి కోపమెందుకొచ్చింది?" అని రాత్రి అన్నం తినకుండా అడిగింది. జోగారావు నిజం చెప్పబోయి, నోటి దాకా వచ్చిన మాటని మింగేశాడు. వీధిలో పిల్లలు ఆ గుమ్మం ముందు ఆడుకోవడం మానేశారు. ఏ ఇంటి తలుపు కదిలినా గోడకి అంటుకుని నిలబడడం నేర్చుకున్నారు.

వేసవిలో ప్రభుత్వం ఆ తలుపుని ఊరంతటికీ మంజూరు చేసింది. ఆఖరి కొలతలు తీసుకోవడానికి పద్మలోచన వచ్చింది. జోగారావుకి తలుపు దించమని చెప్పి, తను గుమ్మంలోనే నిలబడి, తల పైకెత్తి, తను తొడిగిన చర్మాన్ని ముచ్చటగా చూసుకుంటోంది. తలుపు ఉరిమింది. ఎర్ర లైటు తిరిగింది.

మెట్ల మీంచి మంజీర దూసుకొచ్చింది. పసుపు గీత దాటలేదు. గీత మీద నిలబడి, ముందుకు వంగి, ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుని బలమంతా పెట్టి లాగింది.

"ఇవతలికి వచ్చేయండి డాక్టరమ్మా. ఇది మంచి తలుపు కాదు. మీకు తెలీదు."

పద్మలోచన తూలి గీత ఇవతలికి వచ్చింది. పాప తల మీద చెయ్యి వేసి, "నిజమే తల్లీ, చూసుకోలేదు" అంది.

వాళ్ళ వెనక, ఆమె తల ఉన్న చోటికి బెత్తెడు ఎత్తున, తలుపు అప్పటికే ఆగి ఉంది. మంజీర అటు చూడబోయింది. జోగారావు ముందుకు వచ్చి, కూతురికీ ఆ తలుపుకీ మధ్య నిలబడ్డాడు.