రెండువందల డెబ్బై మూడు

"వైరు లేదు, టైమర్ లేదు. బాంబ్ స్క్వాడ్‌కి దొరికేదేమీ లేదు," అన్నాడు చీఫ్. "పన్నెండింటికి గాజు ఫ్యాక్టరీలో ఫర్నేస్ తలుపు తెరుచుకుంటుంది. ఎదురుగోడకి విదేశీ ముఠా గ్యాస్ సిలిండర్ బిగించింది. ఆ సెగకే పేలుతుంది. గోడ అవతల భోజనాల గది, నలభై మంది. ఖాళీ చేయిస్తే ముఠా పసిగడుతుంది. ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది. నువ్వే రావాలని పట్టుబట్టింది."

ఏజెంట్ 'లెక్కలయ్య' సంచి భుజానికి తగిలించుకున్నాడు. ఆ ముద్దుపేరు పెట్టినవాళ్ళకి అసలు సంగతి తెలియదు. మూడేళ్ళ క్రితం, ఇలాంటి ఫర్నేస్ ముందే, రెండు నిమిషాలు నిలబడొచ్చని తన పార్ట్‌నర్‌కి లెక్కకట్టి చెప్పాడు. సెగ ఎంతో తేలాలంటే ఫర్నేస్ డిగ్రీలకి 273 కలిపి, కెల్విన్‌లోకి మార్చి, ఆ తర్వాత నాలుగో ఘాతం తీసుకోవాలి. హడావిడిలో కలపలేదు. అసలు సెగ అతని లెక్కకి మూడు రెట్లు! ఆమె ఎడమచెయ్యి కాలిపోయింది. రిపోర్టులో మాత్రం 'మీటర్ తప్పు చూపింది' అని రాశాడు, పిరికివెధవ. ఆనాటి నుంచి అన్నం సయించడం లేదు.

పదకొండూ యాభై ఆరు. మీటర్ రీడర్ వేషంలో లోపలికెళ్ళాడు.

"లోపల ఉక్కగా ఉందా?" కోడ్ ప్రకారం అడిగాడు.

"మీకు అలవాటేగా!"

ఫర్నేస్ పక్కన ఒకామె: నల్లకళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ఎడమచేతికి పట్టు గ్లవ్. ఆ గొంతు వినగానే గుర్తుపట్టాడు. ఆమే, ఆ పార్ట్‌నరే.

"సిలిండర్ ఊడదు, వెల్డింగ్ చేశారు. తలుపు ఆపే స్విచ్ వైర్లు కోసేశారు. తలుపు తొంభై సెకన్లు తెరిచుంటుంది. లెక్కకట్టు," అందామె.

సంచిలోంచి అద్దంలా మెరిసే అల్యూమినియం షీటు లాగి మడతలు విప్పాడు. తలుపు వైశాల్యం, దూరం, షీటు వెనక్కి కొట్టే సెగ... కాగితం మీద పెన్సిల్ పరుగెత్తింది. షీటుని సిలిండర్‌కి అడ్డంగా, వెనక నుంచి ఎవరో ఒకరు పట్టుకుని నిలబడాలి.

"ఎంతసేపు ఆగొచ్చు?" ఆరోజు ఆమె అడిగిన ప్రశ్నే.

"తొంభై సెకన్లూ ఆగొచ్చు. కానీ నువ్వొద్దు, నేను పట్టుకుంటా. ఆరోజు మీటర్ తప్పు కాదు. తప్పు నాది. 273 కలపలేదు."

"తెలుసు. నీ చిత్తుకాగితం నా జేబులోనే ఉండిపోయింది. నీ నోట వినాలని మూడేళ్ళు ఆగాను." ఆమె చెయ్యి చాచింది. "ఆ కాగితం ఇలా తే. ఈసారి కలిపావా?"

"నువ్వే చూడు."

ఆమె చూసింది. షీటు రెండో కొస పట్టుకుంది.

తలుపు లేచింది. గదంతా ఎర్రబడింది. ఇద్దరి ముఖాలూ చెమటతో తడిసిపోయాయి, సిలిండర్ మాత్రం గోరువెచ్చగానే ఉంది. ఎనభై ఎనిమిది. ఎనభై తొమ్మిది. తలుపు పడింది. గోడ అవతల ఎవరో భోజనం చేస్తూ పగలబడి నవ్వుతున్నారు.

రేడియోలో చీఫ్ గొంతు: "శభాష్! సాయంత్రానికి రిపోర్టు పంపు."

"రెండు పంపుతాను సార్," అన్నాడు లెక్కలయ్య. "ఒకటి మూడేళ్ళు లేటు."