గోడకిచ్చిన ఫోటోలు

"ఇరవై నాలుగు ఫోటోలు ఊరికే ఇచ్చేసిన మహానుభావుడు ఇక్కడే పనిచేస్తారా?"

సర్వే ఆఫీసు గుమ్మంలో నిలబడి ఆమె అడిగిన తీరుకి, లోపల బల్లల మీద పటాలు పరుచుకుని కూర్చున్న నలుగురూ తలలెత్తారు. నలుగురిలో ముగ్గురు నాలుగో అతని వైపు చూశారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, చెవి మీద పెన్సిలు పెట్టుకున్న ఆ సర్వేయర్ మెల్లగా లేచాడు.

"నేనేనండి. ఊరికే కాదు, ప్రింటు ఖర్చు తీసుకున్నాను."

"అబ్బో! ఎంత వ్యాపారం తెలిసిన మనిషండీ!"

ఆమెది అక్కడికి మూడు వీధుల అవతల చిన్న ఫోటో స్టూడియో. వాళ్ళ నాన్న పెట్టింది. అందరి చేతుల్లోకి ఫోన్లు వచ్చాక స్టూడియోకి పాస్‌పోర్టు ఫోటోల వాళ్ళు తప్ప ఇంకెవరూ రావటం లేదు. అందుకని రెండేళ్ళుగా ఆమె కెమెరా పట్టుకుని వీధిన పడింది. వంతెన, రేవు, పాత గోడలు, తెల్లవారుజాము సందులు ఫోటోలు తీసి దుకాణాలకీ, క్లినిక్‌లకీ అమ్ముతోంది. పళ్ళ డాక్టరు గారి వెయిటింగ్ హాల్లో ఒకటి, సెలూన్లో రెండు ఆమెవే.

ఊళ్ళోని లాడ్జికి ఈమధ్యే కట్టిన కొత్త అంతస్తులో ఇరవై నాలుగు గదులు. ప్రతి గదికీ వెళ్ళి గోడ కొలుచుకుని, వెలుగు ఎటునుంచి పడుతుందో చూసుకుని, ఫోటోకి పన్నెండు వందల చొప్పున కొటేషన్ ఇచ్చింది. మూడు వారాలు తిరిగింది. ఈ పొద్దున లాడ్జి ఓనరు పళ్ళికిలించి చెప్పాడు: "సర్వేయర్ బాబు ప్రింటు ఖర్చుకే ఇచ్చాడమ్మాయ్. నువ్వడిగిన డబ్బుకి నేను ఇంకో గది కట్టించుకుంటా."

ఆ మాటకి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. అదే మంటతో నేరుగా ఇక్కడికొచ్చింది.

"మీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది. ఫోటోలు మీకు సరదా. పప్పుబెల్లాల్లా పంచిపెట్టుకోవచ్చు. నాకు అదే పని. రేపు నేనో టేపు కొనుక్కొచ్చి, ఎవరి స్థలమైనా ఉచితంగా కొలిచి పెడతానని మీ ఆఫీసు ముందు బల్ల వేసుకుని కూర్చుంటే మీరేం చేస్తారు?"

మిగతా ముగ్గురిలో ఒకాయనకి దగ్గొచ్చింది. సర్వేయర్ చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిజమేనండి. నా ఫోటో గోడ మీద కనిపిస్తే చాలనుకున్నాను. ఒకరి నోటికాడి కూడు లాగుతున్నానని తెలియలేదు. తప్పే."

పోట్లాటకి సిద్ధపడి వచ్చిన మనిషికి ఇంతకంటే అన్యాయం ఉంటుందా? ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"అప్పుడే ఒప్పేసుకుంటారేంటండీ! నేనింకా సగం కూడా తిట్టలేదు!"

"కూర్చుని తిట్టండి. బయట వాన మొదలైంది."

ఆమె కూర్చోలేదు. గొడుగు ఇస్తానన్నాడు, తీసుకోలేదు. మూడు వీధులూ తడుస్తూ నడిచింది. రెండో వీధి దాటాక గానీ, గొడుగు తీసుకుని ఉండాల్సిందనిపించలేదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

"గొడుగు లేకపోతే ఎక్కడైనా ఆగి రావచ్చుగా!" అంది అమ్మ, తువ్వాలు విసిరి.

"ఇస్తానన్నాడు. నేనే వద్దన్నాను."

"ఎవడు?"

"ఉన్నాడులే ఒక దానకర్ణుడు."

అమ్మ కూతురి మొహం వంక ఒక్క క్షణం ఎక్కువ చూసి, లోపలికి వెళ్ళింది.

*

వారం తర్వాత పళ్ళ డాక్టరు గారు ఆమెని చూసి జాలిగా తలూపారు. "ఇంకో ఫోటో తీసుకుంటానమ్మా. సర్వేయర్ అబ్బాయి చెప్పాడు, స్టూడియో సరిగా నడవటం లేదటగా పాపం."

ఈసారి ఆమె సర్వే ఆఫీసు దాకా కూడా వెళ్ళలేదు. అతను రోడ్డు పక్కన మూడు కాళ్ళ స్టాండు మీద కొలతల యంత్రం నిలబెట్టి ఒంటికన్నుతో దేన్నో గురి చూస్తుంటే, ఎదురుగా వెళ్ళి నిలబడింది. అతనికి యంత్రంలోంచి కొండంత కోపం కనిపించింది.

"పాపం అన్నారా నన్ను?"

"అయ్యో, సాయం చేద్దామని..."

"ఎన్ని కొట్లు తిరిగారు?"

"ఏడు," అన్నాడు అతను. అబద్ధం ఆడటం కూడా రాదు ఆ మనిషికి.

"ఏడు కొట్లు! అయ్యా, నా ఫోటో బాగుందని కొనాలి. నన్ను చూసి జాలిపడి కాదు. జాలితో కొన్నవాడు ఒకసారే కొంటాడు. పైగా రెండోసారి నన్ను చూస్తే రోడ్డు దాటి పోతాడు."

"బాగున్నాయనే ముందు చెప్పానండి. పాపం అన్న మాట తర్వాత అన్నాను."

"ఆ తర్వాతి మాటే అందరికీ గుర్తుంటుంది! నా గురించి చెప్పుకోవటానికి నాకు నోరుంది. కనిపించటం లేదా?"

"కనిపించకపోవటమేం, వినిపిస్తోంది కూడా," అన్నాడు అతను, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మళ్ళీ యంత్రంలోకి దూరిపోతూ.

నవ్వు రాబోయింది ఆమెకి. బలవంతాన మింగేసి, గిర్రున వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

*

నెల గడిచింది. ఒక ఉదయం అతనే స్టూడియోకి వచ్చాడు. చేతిలో చుట్టిన క్యాలెండర్ ఉంది. దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే మధ్యలో నలిగిపోయింది.

"కూడలిలో హోర్డింగ్ చూశారా?"

చూసింది. ఊరంతా చూసింది. మంచులో మెలికలు తిరిగే కొండదారి, ఆ దారిన ఒంటరిగా ఒక సైకిలు. ఇల్లంత ఎత్తున, లాడ్జి పేరుతో. ఆ ఫోటో తను తీసి ఉంటే బాగుండునని ఆమె మనసులో రెండుసార్లు అనుకుంది కూడా.

"నాదే అది. గదిలో పెట్టుకోమని ఇచ్చాను. హోర్డింగ్ వేశాడు. ఇదిగో, క్యాలెండర్ వేశాడు. ఒక్క మాట అడగలేదు. నిన్న వెళ్ళి అడిగితే, ఫ్రీగా ఇచ్చినవాడికి మాటలెందుకు బాబూ అన్నాడు. ఆ ఒక్క ఫోటో కోసం కొండెక్కాను. మూడుసార్లు."

నేను చెప్పలేదా అనే మాట ఆమె నాలుక చివర దాకా వచ్చింది. అతని మొహం చూసి ఆపుకుంది.

"కూర్చోండి," అంది. "ఇచ్చేటప్పుడు ఏమైనా రాసిచ్చారా?"

అతను ఫోన్ తీసి చూపించాడు. 'ఇవి మీ గదుల గోడల కోసం' అని తను పంపిన మెసేజ్. దాని కింద లాడ్జి ఓనరు పెట్టిన దణ్ణం బొమ్మ.

ఆమె కళ్ళు మెరిశాయి. "ఇది చాలు. చూడండి, ఫోటో అమ్మటమంటే కాగితం అమ్మటం కాదు. ఎక్కడ పెడతారు, ఎన్నాళ్ళు ఉంచుతారు, ఎంతమంది చూస్తారు, రేటంతా అందులో ఉంది. గదిలో అయితే ఒక మనిషి చూస్తాడు. కూడలిలో అయితే ఊరు చూస్తుంది." ఒక కాగితం తీసి రాసింది. హోర్డింగ్‌కి ఆరు వేలు. క్యాలెండర్‌కి నాలుగు వేలు. "పదండి. నేనూ వస్తాను."

"మీరెందుకండీ, నా గొడవకి?"

"మీకోసమేం కాదు. ఈసారి మీరు ఊరుకుంటే రేపు నా ఫోటోకీ ఇదే గతి."

లాడ్జి కౌంటర్ వెనక ఓనరు వాళ్ళిద్దరినీ కలిపి చూసి కనుబొమలెగరేశాడు.

"ఇచ్చిన ఫోటో నేనెక్కడ పెట్టుకుంటే మీకేంటి?"

"గోడకిచ్చారు, రోడ్డుకివ్వలేదు," అంది ఆమె. "మీ గది అద్దెకి తీసుకున్నవాడు మంచం పట్టుకుపోయి బజార్లో వేసుకుంటే ఊరుకుంటారా?"

ఎదురుగా సోఫాలో కూర్చున్న ఇద్దరు కస్టమర్లు పేపరు దించారు. ఓనరు గొంతు తగ్గించాడు.

"సరేలే అమ్మాయ్. ఏదో ఒకటి ఇస్తాలే. ఎంతంటావు బాబూ?"

"ఇరవై వేలు," అన్నాడు సర్వేయర్.

ఆమె ఉలిక్కిపడింది. కాగితం మీద రాసింది పది. కౌంటర్ చాటున అతని కాలు తొక్కింది. అతను కదల్లేదు.

ఓనరు నవ్వాడు, ఏడ్చినంత పని చేశాడు, కొడుకు ఫీజుల గురించి చెప్పాడు, పన్నెండు అన్నాడు, పదిహేను అన్నాడు. ఇతను సరిహద్దు రాయిలా నిలబడ్డాడు.

"లేదంటే సాయంత్రానికల్లా హోర్డింగ్ దింపించండి. క్యాలెండర్లు పంచకండి."

వెయ్యి క్యాలెండర్లు అచ్చై కూర్చున్నాయి. ఓనరు మింగలేక కక్కలేక సొరుగు తెరిచాడు.

మెట్లు దిగుతూనే ఆమె అందుకుంది. "నేను రాసిందెంత, మీరడిగిందెంత? ఆయన పొమ్మనుంటే?"

"మీరు రాసింది తప్పు."

"ఏంటీ?"

"తప్పేనండి!" మొదటిసారి అతను గొంతు పెంచాడు. "డాక్టరు గారి హాల్లో ఉన్న వంతెన ఫోటో ఎంతకిచ్చారు?"

"పన్నెండు వందలు."

"దానికోసం ఎన్ని రోజులు నిలబడ్డారు?"

"గుర్తు లేదు. ఏ రెండో..."

"నాలుగు. నాకు గుర్తుంది. అప్పుడు నేను ఆ వంతెన కొలతలు తీస్తున్నాను. రోజూ సరిగ్గా నా గురికి అడ్డంగా మీరు. మొదటి రోజు విసుక్కున్నాను. రెండో రోజు తప్పుకోమని చెబుదామని వచ్చి, మీరు నీళ్ళ వంక చూస్తున్న తీరు చూసి చెప్పలేక వెనక్కిపోయాను. నాలుగో రోజు మంచు విడిపోయి, పడవ వచ్చింది. ఒక్క ఫోటో తీసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. నాలుగు తెల్లవారుజాములు! పన్నెండు వందలు! నేను తక్కువకిచ్చానని నా మీద అరిచారు, బాగానే ఉంది. మీ మీద మీరెప్పుడు అరుస్తారు?"

అతను నిజంగానే కోపంగా ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

రెండేళ్ళుగా ఆమెతో బేరమాడినవాళ్ళున్నారు, ఎగతాళి చేసినవాళ్ళున్నారు. తగ్గించి ఇవ్వవే అని అమ్మ కూడా అంది. ఆమె తరపున కోపం తెచ్చుకున్న మనిషి మాత్రం ఇంతవరకూ లేడు.

"నన్ను ఆ యంత్రంలోంచి చూశారా?" అంది చివరికి.

"వంతెనని చూశానండి. మీరు దానికి అడ్డంగా ఉన్నారు."

ఆ రాత్రి భోజనం కాగానే ఆమె రేట్ల కాగితం చించేసి కొత్తది రాసింది. దాదాపు రెట్టింపు. సెలూన్ ఆయన సణిగాడు, రెండు వారాలు మొహం చాటేశాడు, తర్వాత వచ్చి కొన్నాడు. ఇద్దరు ముగ్గురు మళ్ళీ రాలేదు. పళ్ళ డాక్టరు గారు మాత్రం రేటు విని, "ఇన్నాళ్ళూ నాకు చవగ్గా ఇచ్చావన్నమాట," అని ఆశ్చర్యపోయి, పైన ఇంట్లోకి కూడా ఒకటి తీసుకున్నారు. సర్వేయర్ కూడా అవే రేట్లు పెట్టుకున్నాడు. ఏ ఫోటోకి ఎంతో తేల్చుకోవాలన్న సాకుతో సాయంత్రాలు స్టూడియోకి రావటం మొదలుపెట్టాడు. ఇద్దరూ ప్రతి ఫోటో మీదా పోట్లాడుకునేవాళ్ళు. స్టూడియో వెనకే ఉన్న ఇంట్లో నాన్న టీవీ గొంతు తగ్గించి వినేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె ఒక ఆఫీసులో ఫ్రేము తగిలించి స్టూడియోకి తిరిగొచ్చేసరికి, పాస్‌పోర్టు ఫోటోల స్టూలు మీద సర్వేయర్ బిగుసుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా నాన్న. కర్టెన్ వెనక అమ్మ పాదాలు కనిపిస్తున్నాయి.

"రా తల్లీ," అన్నాడు నాన్న. "ఈ అబ్బాయి నిన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నాడు."

ఆమె చేతిలో సుత్తి ఉంది. అతను దాని వంకే చూశాడు.

"నాన్నకి చెప్పారా? నాకు చెప్పకుండా?"

"పెద్దవాళ్ళని ముందు అడగటం మర్యాద కదా అని..."

"నా విషయం నాతో తప్ప ఊళ్ళో అందరితో మాట్లాడతారా మీరు?"

"మీతో చెబుదామనే మూడుసార్లు వచ్చానండి. మూడుసార్లూ మీరు కోపంగా ఉన్నారు."

"ఇప్పుడూ కోపంగానే ఉన్నాను. అయినా చెప్పండి."

అతను లేచి నిలబడ్డాడు. జేబులోంచి చేతులు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"మీరంటే నాకిష్టం," అన్నాడు. "మీరు అరుస్తున్నప్పుడు కూడా. అరవనప్పుడు ఇంకొంచెం ఎక్కువ."

ఆమె సుత్తి బల్ల మీద పెట్టింది. జారిన జడ వెనక్కి తోసుకుంది. ఇంకేం చేయాలో తోచలేదు.

"ఏదో ఒకటి చెప్పవే!" అంది కర్టెన్.

"నాకూ ఇష్టమే," అంది ఆమె, అదేదో అతని తప్పయినట్టు. "కానీ ఇంకోసారి ఇలా నాకంటే ముందు నాన్నని అడిగితే మాత్రం ఊరుకోను."

నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంకోసారి ఎందుకడుగుతాడే పిచ్చిదానా?" అన్నాడు. "నేను ఒక్కసారికే ఇచ్చేస్తుంటే!"