రెక్సిన్ కవర్

"మన రహస్యాలు బయటికి చేరవేస్తున్న పోస్ట్‌మ్యాన్ ఎవడో తెలిసిపోయింది," అన్నాడు చీఫ్. "నీ షాపు ఓనరే."

ఏజెంట్ రెక్సిన్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

లాండ్రీ మీద అద్దెకి తీసుకున్న గది అది. కింద నుంచి ఇస్త్రీ ఆవిరి, పైన ఫ్యాన్ కిర్రుమంటున్న చప్పుడు. ఉన్నది ముగ్గురే. బట్టతల చీఫ్. నల్ల కళ్ళద్దాల ఏజెంట్ వెల్వెట్. ఆవిడ మెట్లెక్కకముందే ఆవిడ సెంటు గదిలోకొచ్చి కూర్చుంటుంది. మూడోవాడు రెక్సిన్. రెండేళ్ళుగా కార్ల సీట్ కవర్ల షాపులో టైలర్. అది అతని కవర్.

ఈ కవర్ అనే మాటతో ఎక్కడలేని తంటా. షాపులో అడిగితే సీటుకి తొడిగేది చూపిస్తారు. కూరగాయల కొట్లో అదే మాటకి ప్లాస్టిక్ సంచి చేతికిస్తారు, పోస్టాఫీసులో అయితే జిగురు రాసినది. మొగుడు ఆలస్యంగా ఇంటికొచ్చి కథ మొదలెడితే "చాల్లే, కవర్ చెయ్యకు" అంటుంది పెళ్ళాం. డిపార్ట్‌మెంట్లో మాత్రం కవరంటే ప్రాణం. అది చిరిగిందా, లోపలి మనిషి గోవిందా!

"సరిహద్దు రాడార్ల కోడ్స్," అన్నాడు చీఫ్. "గోరంత చిప్‌లో ఉన్నాయి. దాన్ని తెస్తున్న మనవాణ్ణి మొన్న లిఫ్ట్‌లో చంపేశారు. ఈ సాయంత్రం ఐదింటికి మీ ఓనర్ షాపు ముందు ఒకడికి బ్రౌన్ కవర్ అందిస్తాడు. చిప్ అందులోనే ఉంటుంది."

"ఎవరు చెప్పారు సార్?"

"నేను," అంది వెల్వెట్. నిన్న షాపు దగ్గర తీసిన ఫొటో ఒకటి బల్ల మీద జార్చింది.

రెక్సిన్ చూశాడు. రెండేళ్ళుగా తను అన్నా అని పిలిచే ఓనరే. చెవి మీద సుద్దముక్క, చేతిలో బ్రౌన్ కవర్. ఇచ్చినవాడి వీపు మాత్రమే కనిపిస్తోంది.

"కవర్ బయటికి తీయగానే మనవాళ్ళు వ్యాన్‌లోంచి దిగుతారు. పరిగెత్తితే కాల్చేస్తారు."

"ఆయన అలాంటి మనిషి కాదు సార్."

"రెండేళ్ళు అన్నం పెట్టాడని కరిగిపోతున్నావా?" వెల్వెట్ నవ్వింది. "జాగ్రత్త రెక్సిన్. రేపు నిన్ను కూడా అమ్మేస్తాడు."

రెక్సిన్ చీఫ్ వైపు తిరిగాడు. "ఐదింటిలోపు అది తప్పని తేలిస్తే?"

"తేల్చు. లేదంటే ఆ తర్వాత తేల్చడానికి మీ అన్న ఉండడు."

*

షాపు ముందంతా రేకుల షెడ్డు. వెలుతురు వచ్చేది వెనక గోడకున్న పెద్ద కిటికీలోంచే. అన్న మిషన్ ఆ కిటికీకి ఎదురుగా ఉంటుంది. రెక్సిన్ తన మిషన్‌ని మాత్రం రోడ్డు వైపు తిప్పుకున్నాడు.

"నీ నీడలో నువ్వే కుట్టుకుంటావేంట్రా? కళ్ళు పోతాయి," అని అన్న రోజూ తిడతాడు.

"నాకిలాగే అలవాటన్నా," అని రెక్సిన్ రోజూ అంటాడు.

షెడ్డులో ఒక నల్ల కారు సిద్ధంగా ఉంది. పరాయి దేశపు రాయబారిది. కొత్త కవర్లు తొడగడం నిన్నే అయిపోయింది, ఐదింటికి డ్రైవరొచ్చి తీసుకెళ్తాడు. అది రోడ్డెక్కితే ఏ పోలీసూ సోదా చేయడానికి లేదు. కానీ రెక్సిన్ ఇవాళ కార్లని చూడట్లేదు. అన్ననే చూస్తున్నాడు, దొంగని చూసినట్టు. అలా చూడాల్సి వచ్చినందుకు తన మీద తనకే అసహ్యంగా ఉంది.

చూసేకొద్దీ అనుమానం పెరిగింది. అన్నకి ఫోనొస్తే కిటికీ దగ్గరికెళ్ళి గుసగుసలాడాడు. వీధిలో ఎవరైనా ఆగితే మెడ సాచి చూశాడు. వదిన పంపిన క్యారేజీ నాలుగున్నర దాకా విప్పలేదు, విప్పాక కూడా సరిగ్గా తినలేదు.

"ఏంటన్నా, ఒంట్లో బాలేదా?"

"నాకేం, దుక్కలా ఉన్నాను. నువ్వు తిను."

"నిన్న నేను బయటికెళ్ళినప్పుడు ఎవరైనా వచ్చారా?"

అన్న ముద్ద మీంచి కళ్ళెత్తలేదు. "ఎవరొస్తారు? కస్టమర్లు."

అబద్ధం. నిన్న బ్రౌన్ కవర్ అందుకున్న చెయ్యి అది!

అన్న చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే రెక్సిన్ అతని మిషన్ సొరుగు లాగాడు. దారం కండెల కింద, అడుగున, ఉంది బ్రౌన్ కవర్. అంటించి లేదు. లోపల చిప్ లేదు. ఒక ఫొటో ఉంది.

రెక్సిన్ ఫొటో.

అమ్మేశాడా? వెల్వెట్ చెప్పిందే నిజమా? తను అన్నా అన్నా అని తిరిగిన మనిషి...

ఆగాగు. ఫొటోలో తనకి మీసం లేదు. ట్రైనింగ్‌లో చేరిన రోజు తీసింది. ఈ షాపులో అడుగుపెట్టింది మీసంతోనే. ఈ ఫొటో లోకంలో ఉన్నది ఒకే ఒక్క ఫైల్లో. ఆ ఫైలు తెరవగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు చీఫ్, ఇంకొకరు వెల్వెట్.

ఇది అన్న ఎవరికీ ఇవ్వలేదు. అన్నకే ఎవరో ఇచ్చారు.

రెక్సిన్ కత్తెర పిడిలో రేడియో ఉంది. మీట నొక్కితే చీఫ్‌కి వినిపిస్తుంది. రెక్సిన్ బొటనవేలు దాని మీదికెళ్ళి ఆగిపోయింది. చీఫే దొంగైతే?

"సొరుగులో వెతుకుతున్నావు," అన్న గొంతు వెనక నుంచి వచ్చింది. కోపం లేదు, అలసట ఉంది. "సర్లే, చెప్తాను. నిన్న ఇద్దరొచ్చారు. ఆ ఫొటో నా చేతిలో పెట్టి వీణ్ణి ఎరుగుదువా అని అడిగారు. కనిపిస్తే ఫోన్ చెయ్యమన్నారు."

"నువ్వేమన్నావు?"

"నా తమ్ముడన్నాను. పుట్టినప్పట్నుంచీ నా దగ్గరే ఉన్నాడన్నాను. పొద్దున్నించి ఫోన్లు చేసి చంపుతున్నారు. ఐదింటికి గుమ్మంలోకొచ్చి ఆ కవర్ తిరిగిచ్చెయ్యాలట."

రెక్సిన్‌కి అప్పుడర్థమైంది. ఐదింటికి డిపార్ట్‌మెంట్ కళ్ళన్నీ అన్న మీద, ఆ కవర్ మీద ఉంటాయి. అంటే అసలు చిప్ ఇంకో దారిన వెళ్ళిపోతుంది!

"అన్నా, వాళ్ళు కాక ఇంకెవరొచ్చారు?"

"ఒకావిడ. రాయబారి కారు చూసి ఈ రంగే కావాలంది. సరిగ్గా ఈ ఇద్దరూ వచ్చినప్పుడే లోపల కూర్చుని తలుపేసుకుంది. దిగాక కారంతా సెంటు వాసనే అనుకో, పొద్దున అద్దాలన్నీ దించి పెట్టాను."

సెంటు! రెక్సిన్ ఒక్క ఉదుటున కారు దగ్గరికెళ్ళాడు. అప్పటికే డ్రైవరొచ్చి హారన్ కొడుతున్నాడు.

"చిన్న కుట్టు మిగిలిపోయింది, మీరు అలా టీ తాగి రండి," అని అతన్ని పంపేసి ముందు సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సీటు పక్క ఎయిర్‌బ్యాగ్ ఉన్నచోట అన్న పల్చటి దారమే వాడతాడు. కారు గుద్దుకుంటే బ్యాగ్ ఆ కుట్టు తెంచుకుని బయటికి రావాలి. గట్టి దారం వేస్తే మనిషిని మనమే చంపినట్టని మొదటి రోజే మొట్టికాయ వేసి మరీ నేర్పాడు.

ఆ కుట్టు మధ్యలో జానెడు మేర లావు నైలాన్ దారం.

రెక్సిన్ కత్తెర ఆడించాడు. గోరంత చిప్ అరచేతిలో పడింది. బొటనవేలు ఇప్పుడు పిడి మీటని గట్టిగా నొక్కింది.

"అది నాకిచ్చెయ్, రెక్సిన్."

సెంటు ముందొచ్చింది. ఆ తర్వాత పిస్టల్. దాని వెనక వెల్వెట్.

"టైలర్‌తో పని బాగా నేర్చుకున్నావే," అంది.

"మీరు నేర్చుకోలేదు మేడం. మా అన్నని ఎందుకు ఇరికించారు?"

"ఎవడో ఒకడు కావాలిగా. దర్జీగాడి కోసం ఎవరేడుస్తారు? ఇప్పుడు మీ ఇద్దరూ పారిపోతూ చచ్చిపోతారు. రిపోర్ట్ నేనే రాస్తాను."

వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది. సరిగ్గా అప్పుడే వెనక నుంచి ఆవిడ నెత్తి మీద ఒక బస్సు సీటు కవర్ దిగింది. అన్న దాన్ని మోచేతుల దాకా లాగి, కింద ఎలాస్టిక్ బిగించి, కొక్కెం తగిలించేశాడు. ముప్పై ఏళ్ళుగా అదే పని కదా, రెప్పపాటు పట్టలేదు. పిస్టల్ ఒక్కసారి పేలి కింద పడింది. వదిన క్యారేజీ ఠంగుమని మోగింది.

వ్యాన్ తలుపులు తెరుచుకున్నాయి. అందరికంటే ముందు చీఫ్ పరిగెత్తుకొచ్చాడు. "అంతా విన్నాను," అని రొప్పుతూ, కవర్ లోపల గింజుకుంటున్న ఆకారాన్ని అలాగే ఎత్తించుకుపోయాడు.

వీధి చివర్న డ్రైవర్ టీ తాగి వస్తున్నాడు. అన్న అప్పటికే సీటు దగ్గర కూర్చుని సూదిలోకి పల్చటి దారం ఎక్కిస్తున్నాడు.

"ఇప్పుడెందుకన్నా, పోనీ! వాళ్ళు శత్రువులు."

"శత్రువైతే మాత్రం గుద్దుకున్నప్పుడు బ్యాగ్ తెరుచుకోవద్దా? నా షాపు కుట్టురా ఇది."

కారు వెళ్ళిపోయింది. రెక్సిన్ అన్న పక్కనే కూర్చున్నాడు.

"నేనెవర్నో నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఎవరో తెలీదు. టైలర్‌వి కాదని మాత్రం మొదటి వారమే తెలిసింది. కుట్టేవాడు వెలుతురు వైపు తిరుగుతాడు. నువ్వు గుమ్మం వైపు తిరిగావు. ఎవరొస్తారోనని భయపడేవాడే అలా కూర్చుంటాడు."

"మరి ఒక్కసారీ అడగలేదే?"

"అడిగితే నువ్వు అబద్ధం చెప్పాలి. తమ్ముడి చేత చెప్పించడమెందుకని, అడిగినవాళ్ళకి నేనే చెప్పుకుంటూ వచ్చాను."

రెక్సిన్ కళ్ళు నిండిపోయాయి. పొద్దుట్నుంచి ఈ మనిషినా తను దొంగచూపులు చూసింది! తల తిప్పుకోబోయాడు గానీ అన్న చూసేశాడు, చూడనట్టు దారం చుట్టుకున్నాడు.

కత్తెరలోని రేడియో గరగరమంది. "శభాష్," అన్నాడు చీఫ్. "నీ కవర్ మాటేంటి? పోయిందా, ఉందా?"

రెక్సిన్ తిరిగి చూశాడు. అన్న ఫోన్లో వదినతో మాట్లాడుతూ, క్యారేజీకి పడ్డ చిల్లులోంచి ఒంటి కన్నుతో చూస్తున్నాడు. "కాదే, తమ్ముడి తప్పేం లేదు... ఎలకే... అవును, స్టీలే కొరికింది, అంత పెద్ద ఎలక!"

"ఉంది సార్," అన్నాడు రెక్సిన్. "కానీ మా వదిన ముందు నిలబడేలా లేదు."